తేలు కుట్టింది మనకే... దొంగలం మాత్రం మనం కాదు!

‘తేలు కుట్టిన దొంగలా’ అని మన ఊళ్లలో ఒక సామెత ఉంది. దొంగతనానికి వెళ్లినవాడిని చీకట్లో తేలు కుడితే అరవలేడు, ఏడవలేడు. అరిస్తే దొరికిపోతాడు. పళ్ల బిగువున భరించాల్సిందే. ఆన్‌లైన్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్న మన తెలుగు కార్మికుల పరిస్థితి ఇక్కడ సింగపూర్‌లో అచ్చం ఇలాగే ఉంది. తేడా ఒక్కటే. మనవాళ్లు దొంగలు కారు. దొంగతనం జరిగింది వాళ్ల జేబులోనే. అయినా నోరు విప్పరు.

మేము ఇక్కడి కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేసేవాళ్లం. ఊళ్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లం. లాయర్లం కాదు, బ్యాంకు ఆఫీసర్లం అంతకన్నా కాదు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా మనవాళ్ల మధ్యే ఉంటాం కాబట్టి ఎవరి ముఖం ఎప్పుడు వాడిందో మాకు తెలుస్తుంది. మొన్నటి దాకా నవ్వుతూ పనిచేసిన కుర్రాడు ఉన్నట్టుండి ఓవర్‌టైమ్ కోసం బతిమాలుతాడు. మధ్యాహ్నం భోజనం మానేస్తాడు. ఏమైంది తమ్ముడూ అంటే ‘ఏం లేదన్నా, ఇంటి దగ్గర చిన్న ప్రాబ్లం’ అంటాడు. నెల తర్వాత ఎవరి ద్వారానో అసలు విషయం బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలదు.

మోసపోకుండా ఎలా ఉండాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. డార్మిటరీ గోడల నిండా ఆ పోస్టర్లే. మోసపోయాక ఏం చేయాలన్నది మాత్రం మన భాషలో చెప్పేవాళ్లు తక్కువ. మేము ఇక్కడ రాస్తున్నది దాని గురించే.

చదువు రానివాళ్లేనా?

‘చదువు రాదు కాబట్టి మోసపోయాడు’ అనే మాట మనలో చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఇది నిజం కాదు. సింగపూర్ పోలీసుల లెక్క ప్రకారం 2024 ఒక్క సంవత్సరంలో ఇక్కడ 51,501 స్కామ్ కేసులు నమోదయ్యాయి. పోయిన సొమ్ము 110 కోట్ల సింగపూర్ డాలర్లకు పైమాటే. అందరికీ చదువు చెప్పించిన దేశంలో, చేతిలో మంచి ఫోన్లు, బ్యాంకు యాప్‌లు ఉన్న దేశంలో జరిగిన సంగతి ఇది. ఆ కేసుల్లో 82 శాతానికి పైగా బాధితులు తమ చేత్తో తామే డబ్బు పంపినవి కావడం గమనార్హం. అంటే దొంగ తాళం పగలగొట్టలేదు, మన చేతే తీయించాడు.

2021 డిసెంబర్‌లో ఓసీబీసీ బ్యాంకు పేరుతో దొంగ ఎస్ఎంఎస్‌లు వచ్చాయి. నిజమైన బ్యాంకు మెసేజీలు వచ్చే వరుసలోనే ఇవీ వచ్చి కూర్చున్నాయి. 790 మంది ఖాతాదారులు 1.37 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఎందరో. వాళ్లు మాత్రం ఊరుకోలేదు. బ్యాంకుకు చెప్పారు, పోలీసులకు చెప్పారు, పేపర్లకెక్కారు. చివరికి బ్యాంకు 2022 జనవరిలో బాధితులందరికీ సొమ్ము చెల్లించింది. ఆ గొడవ తర్వాతే బ్యాంకులు ఖాతాదారులకు పంపే మెసేజీల్లో లింకులు పెట్టడం మానేశాయి. ఖాతాను మనమే వెంటనే ఆపేసుకునే ‘కిల్ స్విచ్’ సౌకర్యం వచ్చింది. ఊరూపేరూ తెలియని కంపెనీల ఎస్ఎంఎస్‌లకు ‘లైక్లీ స్కామ్’ అనే ముద్ర 2023 నుంచి పడుతోంది. ఇవాళ మన ఫోన్లలో కనిపిస్తున్న ఈ రక్షణలన్నీ నోరు విప్పినవాళ్ల పుణ్యమే అంటే అతిశయోక్తి కాదు.

మన దగ్గరికి వచ్చే మోసాల తీరు కొంచెం వేరు. తక్కువ వడ్డీకి లోన్ ఇస్తామని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటారు, తర్వాత ఇన్సూరెన్స్ అంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. (లైసెన్సు ఉన్న అప్పుల వ్యాపారి ఎవరూ ఇక్కడ వాట్సాప్‌లో, ఎస్ఎంఎస్‌లో లోన్లు అమ్మకూడదు. మనిషిని ఆఫీసుకు పిలవకుండా అప్పు ఇవ్వకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.) వీడియోలకు లైకులు కొడితే డాలర్లు ఇస్తామనేది ఇంకోటి. మొదటి రెండు రోజులు నిజంగానే ఇచ్చి మూడో రోజు ‘డిపాజిట్’ అడుగుతారు. ‘ఎంఓఎం నుంచి మాట్లాడుతున్నాం, నీ పర్మిట్‌లో తప్పుంది, ఫైన్ కట్టు’ అని బెదిరించడం మరొకటి. ఇక ఊళ్లో ఉన్న తమ్ముడికో, బావమరిదికో సింగపూర్ ఉద్యోగం ఇప్పిస్తామని దొంగ ఐపీఏ పేపర్ పంపి లక్షలు గుంజడం పాత కథే. ఒకప్పుడు ఏజెంటు ఊరికి వచ్చి మోసం చేసేవాడు, ఇప్పుడు ఫేస్‌బుక్‌లో చేస్తున్నాడు.

నోరు ఎందుకు పెగలదు?

మేము చూసినంత వరకు మనవాళ్లు దాచడానికి కారణాలు మూడు.

మొదటిది పర్మిట్ భయం. ‘పోలీస్ స్టేషన్‌కు వెళితే పేరు రికార్డులోకి ఎక్కుతుంది, కంపెనీకి తెలుస్తుంది, ఇంటికి పంపేస్తారు’ అని. మోసపోయానని ఫిర్యాదు చేయడం ఏ దేశంలోనూ నేరం కాదు, సింగపూర్‌లో అసలే కాదు. ఫిర్యాదుకు ఫీజు లేదు. ఊళ్లో స్టేషన్ అంటే ఉన్న భయాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి మోసుకొచ్చాం, అంతే.

రెండోది నవ్వులాట. ఒక్కో గదిలో పది పన్నెండు మంది ఉంటాం. ‘ఏరా, కోటీశ్వరుడివి అయ్యావా’ అని ఒకడు మొదలుపెడతాడు. ఆ పేరు ఇక వాడిని వదలదు. ఆ మాట పడే కన్నా రెండు వేల డాలర్లు పోవడమే నయం అనుకునే కుర్రాళ్లు ఉన్నారు. ఆ రెండు వేల డాలర్లు ఎన్ని నెలల చెమటో నవ్వేవాడికీ తెలుసు, అయినా నవ్వుతాడు.

మూడోది ఇల్లు. ఏజెంటు ఫీజు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ప్రతి నెలా పదో తారీఖుకు డబ్బు వస్తుందని అక్కడ అమ్మ, భార్య ఎదురుచూస్తుంటారు. వాళ్లకు ఏమని చెప్పాలి? చెప్పలేక ఇంకో చోట అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి మరో ‘ఈజీ మనీ’ వెతుకుతాడు. మోసగాడు అక్కడ కూడా కాచుకుని ఉంటాడు.

ఈ మూడు భయాలూ మోసగాడికి మన కన్నా బాగా తెలుసు. మన మౌనమే వాడి పెట్టుబడి. మనం సిగ్గుపడుతూ కూర్చున్న ఆ రెండు రోజుల్లో డబ్బు ఒక ఖాతా నుంచి మూడు ఖాతాలకు, అక్కడి నుంచి క్రిప్టోకు, దేశం దాటి వెళ్లిపోతుంది. మా దగ్గర పనిచేసే ఒక బార్ బెండర్ తొమ్మిదో రోజున చెప్పాడు. బ్యాంకువాళ్లు మర్యాదగానే మాట్లాడారు, వెతికారు. ఆ ఖాతాలో ఒక్క డాలరు కూడా మిగల్లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది.

సైటులో ప్రమాదం జరిగితే ఏం చేస్తాం?

స్కాఫోల్డింగ్ మీద నుంచి పైపు జారి ఎవరికో తగిలిందనుకోండి. ‘ఎవడిరా తెలివితక్కువ వాడు’ అని మొదట అడగం. పని ఆపేస్తాం. గాయపడ్డవాడిని చూస్తాం. చుట్టూ టేప్ కట్టి ఇంకొకడికి తగలకుండా చేస్తాం. ఏదీ కదిలించకుండా ఫొటోలు తీస్తాం. రిపోర్టు రాస్తాం. మర్నాడు పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో అందరికీ చెబుతాం. డబ్బుకు దెబ్బ తగిలినప్పుడు కూడా సరిగ్గా ఇదే వరుస.

మొదటి గంట బ్యాంకుది. మోసం అని అనుమానం వచ్చిన క్షణంలోనే పంపడం ఆపాలి. ‘ఇంకొక్క రెండొందలు కడితే మొత్తం వెనక్కి వస్తుంది’ అనే మాట వినకూడదు. ఏటీఎం కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. గూగుల్‌లో దొరికిన నంబరుకు కాదు, కార్డు మీద ఉన్న నంబరుకే. ఇక్కడి పెద్ద బ్యాంకులకు మోసాల కోసం 24 గంటల లైన్ ఉంది. యాప్‌లో కిల్ స్విచ్ నొక్కితే మన ఖాతా నుంచి డబ్బు బయటికి వెళ్లడం ఆగిపోతుంది. ఇంగ్లిష్ రాకపోతే పక్కన ఉన్న వచ్చినవాడిచేత మాట్లాడించండి. చెప్పాల్సింది నాలుగే ముక్కలు: పేరు, ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాకు.

ఎవరో పంపిన లింకుతో ఫోన్‌లో యాప్ ఏదైనా ఎక్కించుకుని ఉంటే ఆ ఫోన్‌ను వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. బ్యాంకుకు పక్కవాడి ఫోన్ నుంచి చేయాలి. ఎందుకంటే మన ఫోన్ తెర మీద మనం చేసేదంతా దొంగ చూస్తూ ఉండవచ్చు. పాస్‌వర్డులు కూడా వేరే ఫోన్ నుంచే మార్చుకోవాలి.

ఆధారాలు చెరపకూడదు. కోపంతో చాట్ డిలీట్ చేసేవాళ్లు, నంబరు బ్లాక్ చేసి అంతా తుడిచేసేవాళ్లు మనలో ఎక్కువ. అది ప్రమాదం జరిగిన చోటును కడిగేయడం లాంటిది. వాడి నంబరు, ప్రొఫైల్ ఫొటో, మాటలు, డబ్బు పంపిన రసీదు, ట్రాన్సాక్షన్ నంబరు... అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి నమ్మకమైన మిత్రుడికి పంపి ఉంచండి.

మొదటి రోజు పోలీసులది. సింగ్‌పాస్ ఉంటే పోలీస్ వెబ్‌సైట్‌లోనే రిపోర్టు ఇవ్వవచ్చు. వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకూ సింగ్‌పాస్ ఇస్తారన్న సంగతి తెలిసిందే. లేదా దగ్గరలోని నైబర్‌హుడ్ పోలీస్ సెంటర్‌కు వెళ్లాలి. ఇది మోసమా కాదా అనే అనుమానం ఉంటే 1799కు ఫోన్ చేయండి. 2024లో మొదలైన ఈ స్కామ్‌షీల్డ్ హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. 2019లో పోలీసులు పెట్టిన యాంటీ స్కామ్ సెంటర్‌లో ఇప్పుడు ప్రధాన బ్యాంకుల సిబ్బంది కూడా పోలీసుల పక్కనే కూర్చుని పనిచేస్తున్నారు. ఒక ఖాతాను స్తంభింపజేయడానికి ఉత్తరాలు రాసుకునే రోజులు పోయాయి. 2024లో వాళ్లు బాధితుల సొమ్ము 18 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి రాబట్టగలిగారు. పోయిన 110 కోట్లతో పోలిస్తే ఇది ఆరో వంతే, నిజమే. కానీ ఆ ఆరో వంతులో ఎక్కువగా ఉండేది త్వరగా చెప్పినవాళ్లే తప్ప దాచుకున్నవాళ్లు కారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు మన పెద్దలు. ఈ విషయంలో మాత్రం వేడి తగిలిన వెంటనే పట్టుకుంటే ఆకులు కూడా పనికొస్తాయి.

ఒక్కోసారి మోసపోతున్నవాడు మన మాట వినడు. ‘రేపు డబ్బు వచ్చేస్తుంది అన్నా, నీకెందుకు’ అంటాడు. ఇలాంటి వాళ్ల కోసమే సింగపూర్ ప్రభుత్వం 2025 జూలై 1 నుంచి కొత్త చట్టం అమలు చేసింది. బాధితుడు ఎంత చెప్పినా వినకుండా డబ్బు పంపుతూనే ఉంటే, పోలీసులు బ్యాంకుకు ఆదేశమిచ్చి 30 రోజుల వరకు అతని ఖాతాపై ఆంక్షలు పెట్టవచ్చు. అవసరమైతే పొడిగించవచ్చు. కాబట్టి రూమ్మేట్ కళ్లముందు మునిగిపోతుంటే ‘వాడి ఖర్మ’ అని ఊరుకోవద్దు. పోలీసులకు చెప్పడం చాడీ కాదు.

డబ్బు ఊళ్లోని ఖాతా నుంచి పోతే...

2023 ఫిబ్రవరి 21న ఇక్కడి పేనౌకూ, మన యూపీఐకీ లింకు కలిపారు. డబ్బు పంపడం సెకన్ల పని అయింది. పోవడమూ అంతే సులువైంది. పైగా మనలో చాలామందికి ఎన్ఆర్ఈ ఖాతా ఊళ్లో, ఫోన్ ఇక్కడ, ఏటీఎం కార్డు భార్య దగ్గర. అలాంటప్పుడు పోయిన సొమ్ము ఇండియా ఖాతాలోదైతే ఫిర్యాదు కూడా ఇండియాలోనే జరగాలి. ఇంట్లోవాళ్లచేత వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయించండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇండియా సిమ్ ఉన్నవాళ్లు చేస్తే ఓటీపీ ఇబ్బంది ఉండదు. ఈ ఫిర్యాదు అందగానే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లిందో ఆ బ్యాంకుకు కబురు వెళ్లి, మిగిలిన సొమ్మును ఆపే ఏర్పాటు ఉంది. అలా ఆగిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిన సందర్భాలు ఉన్నాయి. 2023లో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో అక్కడ ఈ పని చూస్తోంది.

ఊళ్లో స్టేషన్‌కు వెళితే ‘మీ ఆయన సింగపూర్‌లో ఉంటే ఇక్కడ కేసు ఎలా పెడతాం’ అని తిప్పి పంపవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అంటే బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపి, మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. ఈ సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టండి. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పడం మరిచిపోవద్దు. మన ప్రమేయం, నిర్లక్ష్యం లేకుండా బయటివాళ్ల వల్ల సొమ్ము పోతే, మూడు పనిదినాల లోపు బ్యాంకుకు తెలిపిన ఖాతాదారుడిపై భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఆదేశించింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఇది వర్తించడం కష్టం. అయినా చెప్పడంలో ఆలస్యం వద్దు.

రెండో దొంగ వస్తాడు

డబ్బు పోయిన పది పదిహేను రోజులకు ఇంకో ఫోన్ వస్తుంది. ‘మేము సైబర్ పోలీసులం’, ‘మేము లాయర్లం’, ‘మీ డబ్బు దొరికింది, విడుదల చేయడానికి టాక్స్ కట్టాలి’ అంటారు. మన పేరు, పోయిన మొత్తం అన్నీ సరిగ్గా చెబుతారు. ఎందుకంటే మొదటి దొంగ మన వివరాలు అమ్మేసి ఉంటాడు, లేదా వాడే గొంతు మార్చి చేస్తుంటాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. పోయిన డబ్బు ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే పోలీసు ఏ దేశంలోనూ ఉండడు. సింగపూర్ ప్రభుత్వ ఆఫీసులు ఫోన్‌లో డబ్బు పంపమనవు, బ్యాంకు పాస్‌వర్డు అడగవు, బయటి యాప్ ఎక్కించుకోమనవు. ఇండియాలో ‘డిజిటల్ అరెస్ట్’ అనే పద్ధతి చట్టంలోనే లేదని ప్రధాని మోదీ 2024 అక్టోబర్ 27 నాటి మన్ కీ బాత్‌లో స్వయంగా చెప్పారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

రెండో దొంగ ఇంకో వేషంలో కూడా వస్తాడు. ‘డబ్బు పోయిందా? నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తా’ అంటాడు. ఊరికి వెళ్లిపోయేటప్పుడు ఏటీఎం కార్డు, సిమ్ కార్డు అమ్మేసి వెళ్లమంటాడు. ఇక్కడ మాత్రం మేము గట్టిగా చెప్పదలచుకున్నాం. ఈ గీత దాటితే మనం బాధితులం కాము, నేరస్తులం. సింగ్‌పాస్ వివరాలు ఇంకొకరి చేతిలో పెట్టినందుకు మూడేళ్ల వరకు జైలు, 10 వేల డాలర్ల వరకు జరిమానా విధించే చట్టం 2024 ఫిబ్రవరి 8 నుంచి అమల్లో ఉంది. సిమ్ కార్డు దుర్వినియోగానికి ఇచ్చినవాళ్ల మీద 2025 జనవరి 1 నుంచి మరో చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన సవరణతో మోసగాళ్లకు బెత్తం దెబ్బలు తప్పనిసరి చేశారు. వాళ్లకు ఖాతాలు, సిమ్‌లు సమకూర్చేవాళ్లకు సైతం 12 దెబ్బల వరకు కోర్టు విధించవచ్చు. ఇప్పటికే ఎవరైనా తెలియక ఇచ్చి ఉంటే, పోలీసులు తలుపు కొట్టే దాకా ఆగకుండా ముందే బ్యాంకుకు, పోలీసులకు తామే వెళ్లి చెప్పడం మేలు. దారి తెలియకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ 24 గంటల నంబరు 6536 2692కు ఫోన్ చేసి అడగండి.

చట్టం ఎక్కడి దాకా వస్తుంది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. బ్యాంకులూ, ఫోన్ కంపెనీలూ తమ బాధ్యత నెరవేర్చకపోతే బాధితుడి నష్టాన్ని వాళ్లే భరించాలనే విధానం 2024 డిసెంబర్ 16న సింగపూర్‌లో అమల్లోకి వచ్చింది. మంచిదే. అయితే దాని పరిధిని దొంగ వెబ్‌సైట్లతో వివరాలు కాజేసే ఫిషింగ్ మోసాల వరకే గీశారు. మాటలతో నమ్మించి మన చేత్తోనే డబ్బు పంపించుకునే మోసాలు అందులోకి రావు. మన కార్మికులు పడుతున్నది ఎక్కువగా ఆ రెండో గోతిలోనే. లోన్ ఫీజు, లైకుల ఉద్యోగం, దొంగ వీసా... అన్నీ అవే. ‘నువ్వే పంపావు కదా’ అనే ఒక్క మాటతో కథ ముగుస్తోంది. బ్యాంకు తీరు మీద అభ్యంతరం ఉంటే ఫిడ్రెక్ అనే వివాద పరిష్కార కేంద్రానికి వెళ్లే దారి ఉంది. కానీ నెలకు వెయ్యి డాలర్ల లోపు జీతగాడు, వారానికి ఒక్క ఆదివారం సెలవు ఉన్నవాడు అక్కడి దాకా ఎన్నిసార్లు తిరగగలడు?

ఒక్కసారి కూడా డబ్బు పంపని కొత్త ఖాతాకు, జీతం పడిన గంటలోనే, జీతమంతా వెళ్లిపోతుంటే బ్యాంకు కంప్యూటర్‌కు అనుమానం రావొద్దా? ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది. అయితే ఆ ప్రశ్నకు బలం ఫిర్యాదుల సంఖ్య నుంచే వస్తుంది. మనం రిపోర్టు ఇవ్వకపోతే ప్రభుత్వ లెక్కల్లో తెలుగు కార్మికుడు మోసపోలేదనే అర్థం. లెక్కలో లేనివాడి కోసం ఎవరూ చట్టం మార్చరు.

ఫోన్‌లో అటువైపు ఎవరు?

కోపంలో మనం తిట్టే ఆ గొంతు వెనుక ఒక్కోసారి మన ఊరి కుర్రాడే ఉన్నాడనేది చేదు నిజం. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులను అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని ఆన్‌లైన్ మోసాలు చేయించిన వ్యవహారం 2024 మేలో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు స్కామ్ కేంద్రాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. ఇది మోసగాళ్లను క్షమించమని చెప్పడానికి కాదు. మనం పోగొట్టుకున్నది ఒక తెలివైన దొంగ చేతిలో కాదు, వేలమందిని కూర్చోబెట్టి నడిపే ఫ్యాక్టరీ చేతిలో. స్క్రిప్టు రాసి, గొంతులు ఎంచి, షిఫ్టులు వేసి మరీ చేస్తున్నారు. అలాంటి దాని ముందు ఒంటరి కార్మికుడు ఓడిపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

పెద్దవాళ్లుగా మనం చేయాల్సింది

ఇక మాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మెన్‌కు, పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్న అన్నలకు ఒక మాట. కుర్రాడు వచ్చి ‘అన్నా, డబ్బు పోయింది’ అన్నప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాటే వాడు ఇంకొకరికి చెబుతాడా, లేక దాచుకుంటాడా అన్నది నిర్ణయిస్తుంది. ‘బుద్ధుందా నీకు’ అన్నామంటే అక్కడితో ఆ తలుపు మూసుకుంటుంది. ‘ఎంతసేపైంది? కార్డు ఏది?’ అని అడగాలి. తిట్టడానికి తర్వాత ఎంత టైమైనా ఉంది.

కంపెనీలను కూడా అడగాలి. చేయి తెగితే క్లినిక్‌కు పంపినట్టే, డబ్బు పోతే బ్యాంకుకు, పోలీసులకు వెళ్లడానికి రెండు గంటలు పర్మిషన్ ఇవ్వాలి. టూల్‌బాక్స్ మీటింగ్‌లో హెల్మెట్, హార్నెస్ గురించి చెప్పే పది నిమిషాల్లో వారానికి ఒక్క నిమిషం దీనికి ఇస్తే పోయేదేమీ లేదు. మోసపోయినవాడి పేరు చెప్పకుండా, మోసం జరిగిన తీరు మాత్రం చెబితే చాలు.

ఇక్కడి హెచ్చరికలు ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళ భాషల్లో వస్తాయి. తెలుగులో చూసింది అరుదు. 1975లో మొదలైన సింగపూర్ తెలుగు సమాజం వంటి మన సంస్థలు ఉగాది వేడుకల్లో పాటలు, ఆటల మధ్య పది నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలని, ఒక్క పేజీ తెలుగు కరపత్రం వేసి ఆదివారం లిటిల్ ఇండియాలో పంచాలని కోరుతున్నాం. ఖర్చు పెద్దగా ఉండదు. ఒక్క కుటుంబం నిలబడినా చాలు.

ఇంటికి ఎలా చెప్పాలి అనేది చివరి ప్రశ్న. ఆలస్యం చేసేకొద్దీ అది బరువెక్కుతుంది. ఫోన్‌లో ఏడుస్తూ కాదు, బ్యాంకుకు, పోలీసులకు చెప్పిన తర్వాత, ‘ఇంత పోయింది, ఇలా ఫిర్యాదు చేశాను, ఈ నెల ఇంతే పంపగలను’ అని లెక్కతో చెప్పండి. మన ఆడవాళ్లు మనం అనుకున్న దానికన్నా గట్టివాళ్లు. వాళ్లను భయపెట్టేది డబ్బు పోవడం కాదు, మనం మాట్లాడకపోవడం. రాత్రిళ్లు నిద్ర పట్టక, బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తే ఆ క్షణంలో ఒంటరిగా ఉండొద్దు. పక్క మంచం మీదవాడిని లేపండి. వలస కార్మికుల కోసం పనిచేసే హెల్త్‌సర్వ్ సంస్థ నంబరు 3129 5000, ఎస్ఓఎస్ నంబరు 1767 రాత్రీ పగలూ పలుకుతాయి. ఇండియాలో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416 ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

పోయిన డబ్బును మళ్లీ సంపాదించే చేతులు మనకున్నాయి. ముప్పై అంతస్తులు లేపిన చేతులవి. ఈ వ్యాసం చదివినవాళ్లు ఒక పని చేయండి. ఇవాళ రాత్రి గదికి వెళ్లాక 1799, 1930, మీ బ్యాంకు నంబరు... ఈ మూడూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి. ఎవరికి అవసరం వస్తుందో ఇప్పుడు తెలియదు. వచ్చినవాడు మాత్రం ఎవరినీ అడగకుండానే ఆ నంబరుకు ఫోన్ చేయగలగాలి.